6205 తర్వాత ఏముంది? ప్లాంటులో పర్చేజ్ ఉద్యోగం వెతుక్కున్న నా అనుభవం

మా ఊరి కుర్రాళ్లు ముగ్గురు ఈ రెండు నెలల్లో ఒకటే మాట అడిగారు. "అన్నా, కంపెనీలో పర్చేజ్‌లోకి ఎలా దూరావు, ఎవర్ని పట్టుకున్నావు?" ప్రతివాడికీ ఫోన్లో అరగంట చెప్పే ఓపిక లేక మొత్తం రాసి పెడుతున్నాను. ఎవర్నీ పట్టుకోలేదంటే నమ్మరు. నిజానికి పట్టుకోవాలనే చూశాను, అందులో అయిదు వేలు పోయాయి. అదీ చెప్తాను.

మాది గజపతినగరం పక్కన పల్లె. విజయనగరంలో బీకాం 2019లో అయింది. వెంటనే గంటస్తంభం దగ్గర బేరింగులు, బెల్టులు, నట్లు బోల్టులు అమ్మే షాపులో బిల్లింగు పనికి చేరాను. నెలకి 9 వేలు, మూడో ఏడాదికి 11. బిల్లింగు అనేది పేరుకే, కౌంటర్లో మనిషి రాకపోతే సరుకు తీసివ్వడం నా పనే, పార్సిల్ ఆఫీసు నుంచి పెట్టెలు విడిపించుకొచ్చి ర్యాకుల్లో సర్దడం నా పనే, బాకీ ఉన్నవాళ్లకి ఫోన్లు చేసి తిట్లు తినడం కూడా నా పనే. రైస్ మిల్లుల వాళ్లు, జనపనార మిల్లుల వాళ్లు, క్రషర్ల వాళ్లు పాడైపోయిన బేరింగుని గుడ్డలో చుట్టి తెచ్చి కౌంటర్ మీద పడేసి "ఇలాంటిదే కావాలి" అనేవారు. గ్రీజు, మసి పట్టి నంబరు కనపడేది కాదు. కిరోసిన్‌తో తుడిచి, వెర్నియర్ పెట్టి కొలవాలి. లోపలి బోరు 25, బయట 52, మందం 15 వస్తే అది 6205. చివరి రెండంకెల్ని అయిదుతో గుణిస్తే బోరు ఎన్ని మిల్లీమీటర్లో వచ్చేస్తుందని మా ఓనరు మొదటి వారంలోనే చెప్పాడు. నంబరు పక్కన జెడ్‌జెడ్ ఉంటే రెండు వైపులా రేకు మూతలు, 2ఆర్ఎస్ ఉంటే రబ్బరు సీళ్లు, సీ3 ఉంటే లోపల వదులు కాస్త ఎక్కువ, అంటే వేడెక్కే మోటార్లకి పనికొచ్చేది. ఇది చదువు కిందకి వస్తుందని నాకు అప్పుడు తట్టలేదు. పైగా సిగ్గుపడి దాచేశాను కూడా, బయోడేటాలో ఎక్కడా బేరింగు మాట రాకుండా "బిల్లింగ్ ఎగ్జిక్యూటివ్" అని రాసుకున్నాను.

పర్చేజ్ మీద మనసు ఎలా పడిందంటే, చెప్పుకుంటే చిన్నతనమే. ఒక ఫ్యాక్టరీ పర్చేజ్ ఆఫీసర్ నెలకోసారి మా షాపుకి కారులో వచ్చేవాడు. ఎవరికీ కుర్చీ వెయ్యని మా ఓనరు ఆయనకి ఫ్యాను కింద కుర్చీ వేసి, పక్క కొట్టు నుంచి కూల్‌డ్రింక్ తెప్పించేవాడు. ఆయన పది నిమిషాలు కూర్చుని, రేటు మీద రెండు శాతం కోయించి వెళ్లిపోయేవాడు. ఆ కుర్చీ కావాలనిపించింది నాకు. అంతే.

2022లో పని మానేసి విశాఖ ద్వారకానగర్‌లో శాప్ (కంపెనీల్లో కొనుగోళ్లు, స్టాకు, లెక్కలు నడిపే సాఫ్ట్‌వేర్) కోర్సులో చేరాను, మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ మాడ్యూలు, 35 వేలు. అందులో 30 వేలు అమ్మ డ్వాక్రా సంఘంలో తీసిన అప్పు. రెండు నెలలు నేర్పారు. పీఓ, అంటే పర్చేజ్ ఆర్డరు, కొట్టడానికి ఎంఈ21ఎన్ అనే తెర, సరుకు వచ్చిందని ఎక్కించడానికి మిగో, బిల్లు పాస్ చెయ్యడానికి మిరో. నేర్చుకున్నది తప్పు కాదు, ఈ రోజుకీ అవే తెరలు చూస్తున్నాను. కానీ కోర్సులో మేం కొన్నదంతా "రా మెటీరియల్ 1". అది పొడో నూనో తెలీదు, లారీలో వస్తుందో డ్రమ్ములో వస్తుందో తెలీదు, ఎప్పుడూ ఆలస్యం కాదు, ఎప్పుడూ బరువు తగ్గదు. చివర్లో సర్టిఫికెట్ ఇచ్చి ఫొటో తీశారు.

ఆ సర్టిఫికెట్ పెట్టుకుని నౌకరీలో, లింక్‌డిన్‌లో అరవై డెబ్బై చోట్ల అప్లై చేశాను. ఫోన్లు వచ్చినవి రెండు. రెండింట్లోనూ మొదటి ప్రశ్న "ప్లాంట్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?" లేదనగానే "సరే, మేం కాల్ చేస్తాం". జాబ్ మేళాకి కూడా వెళ్లాను, అక్కడ అందరికీ కావాల్సింది ఫార్మా కంపెనీల ప్రొడక్షన్‌కి కెమిస్ట్రీ చదివినవాళ్లు, లేకపోతే ఐటీఐ ఫిట్టర్లు. బీకాం అంటే టేబుల్ అవతల కూర్చున్నాయన కాగితం తిప్పి వెనక వైపు చూశాడు, అక్కడ ఇంకేమైనా రాసి ఉందేమోనని. ఫ్యాక్టరీల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని 2019లో రాష్ట్రంలో చట్టం చేశారు కదా, దాని మీద మా నాన్న చాలా ఆశ పెట్టుకున్నాడు. నన్ను మాత్రం ఏ ఇంటర్వ్యూలోనూ నీది ఏ జిల్లా అని అడిగినవాడు లేడు.

అయిదు వేల కథ ఆ రోజుల్లోదే. తెలిసినవాళ్ల తెలిసినాయన ఒకడు, శ్రీకాకుళంలో మేడ మీద చిన్న గది, గోడ నిండా కంపెనీల పేర్లు. పైడిభీమవరంలో ఒక పెద్ద కంపెనీలో పర్చేజ్ అసిస్టెంట్, జీతం 24 వేలు, మొత్తం 40 వేలు ఇవ్వాలి, ముందు అయిదు వేలు రిజిస్ట్రేషన్, మిగతాది ఆఫర్ లెటర్ చేతికొచ్చాక అన్నాడు. నిజంగానే వారంలో లెటర్ వచ్చింది, రంగుల్లో, స్టాంపుతో సహా. పంపిన మెయిల్ చూస్తే చివర జీమెయిల్ డాట్ కామ్. అంత పెద్ద కంపెనీకి సొంత మెయిల్ లేదా అని అనుమానం వచ్చింది గానీ నమ్మాలనే ఉంది నాకు. మిగతా 35 వేలు కట్టే ముందు ఒకసారి గేటు దాకా వెళ్లి రమ్మని మా బావ అన్నాడు. వెళ్లాను. సెక్యూరిటీ గార్డు లెటర్ పూర్తిగా తెరవనైనా తెరవలేదు. "ఈ నెలలో నువ్వు నాలుగోవోడివి బాబూ" అన్నాడు. తర్వాత ఆ గదికి వెళ్తే తాళం. ఏ కంపెనీ అయినా సరే ఉద్యోగం ఇస్తానని మన దగ్గర డబ్బు తీసుకోదు, ఈ ఒక్క ముక్క నాకు ముందే గట్టిగా ఎవరైనా చెప్పి ఉంటే బావుండేది.

బావంటే మా అప్ప మొగుడు, పైడిభీమవరంలోనే ఒక మందుల ప్లాంటులో ఆపరేటరు. ఆ రోజు గేటు దగ్గర నుంచి నేరుగా రణస్థలంలో వాళ్లింటికే వెళ్లాను. అన్నం పెట్టించి, తిన్నాక మొదలుపెట్టాడు. "నువ్వు డైరెక్టుగా ఏసీ గదిలో కుర్చీ అడుగుతున్నావు. ఆ కుర్చీల్లో ఉన్నోళ్లలో సగం మంది స్టోర్సు నుంచి ఎల్లినోళ్లే. ముందు ఏదో ఒక గేటు లోపలికి దూరు. కాంట్రాక్టయినా సరే, కాటా దగ్గరయినా సరే." నాకు ఒళ్లు మండింది. 35 వేలు పోసి కోర్సు చేసింది లారీలు తూచడానికా అని. తిరుగు బస్సులో నాతవలస దాకా మొహం మాడ్చుకునే ఉన్నాను.

రెండు వారాలకి మొహం మామూలైంది. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో ఒక ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కు తయారీలో కలిపే లోహ మిశ్రమాలు) ప్లాంటులో స్టోర్స్ అసిస్టెంట్ కావాలని లేబర్ కాంట్రాక్టర్ ద్వారా తెలిసింది, జీతం 13,500, పీఎఫ్ ఉంటుంది. 2022 నవంబరులో చేరాను. గజపతినగరంలో రైలెక్కి బొబ్బిలిలో దిగి అక్కణ్నుంచి షేర్ ఆటో, రాత్రి షిఫ్టయితే బండి మీద.

అక్కడ పదకొండు నెలలు చేశాను. నేర్చుకున్నదంతా మా స్టోర్ కీపర్ దగ్గరే. అందరూ గురువుగారు అనేవారు, నేనూ అలాగే అన్నాను. రిటైర్మెంటుకి దగ్గరగా ఉన్న మనిషి, కంప్యూటర్ ముట్టుకోడు, చేతిలో ఎప్పుడూ ఒక పొడుగు రిజిస్టరు.

చేరిన మూడో రోజో నాలుగో రోజో, మాంగనీస్ ఖనిజం లారీ ఒకటి వచ్చింది. లోడుతో కాటా ఎక్కించి గ్రాస్ రాసుకున్నాను, యార్డులో దింపేసి తిరిగొచ్చాక ఖాళీ లారీ ఎక్కించి టేర్ తీశాను, ఒకదాన్లోంచి ఒకటి తీసేస్తే నెట్. స్లిప్పు చించి డ్రైవర్‌కి ఇవ్వబోతుంటే గురువుగారు వెనక నుంచి వచ్చి కిటికీ దగ్గర ఆగాడు.

"ఒరే బాబూ, లోడుతో కాటా ఎక్కినప్పుడు కేబిన్లో ఎంతమంది ఉన్నారు?"

"ఇద్దరండి. డ్రైవరు, క్లీనరు."

"ఇప్పుడో?"

చూశాను. డ్రైవర్ ఒక్కడే ఉన్నాడు.

"రెండోవోడు ఏడి?"

"టీ తాగడానికి వెళ్లాడనుకుంటానండి."

"అయితే ఆడి బరువు కూడా మనవే కొనీసినట్టు కదేటి!"

అరవై కిలోల మనిషి. ఒక్క లారీకి ఏముందిలే అనుకోవచ్చు, రోజుకి ఇరవై లారీలు వచ్చే చోట అది టన్ను పైమాట. క్లీనర్‌ని పిలిపించి కేబిన్లో కూర్చోబెట్టి మళ్లీ టేర్ తీయించాడు. ఆ తర్వాత నుంచి స్టెప్నీ టైరు ఉందా, జాకీ ఉందా, నీళ్ల డబ్బా నిండుగా వచ్చి ఖాళీగా వెళ్తోందా, అన్నీ చూసేవాణ్ని. డ్రైవర్లు నన్ను "ఇనస్పెట్టరు" అని వెక్కిరించేవాళ్లు. అందరూ దొంగలని కాదు, చాలామందికి ఆ ఆలోచనే ఉండదు, పాపం రాత్రంతా నడిపి నిద్ర కళ్లతో వచ్చేవాళ్లే ఎక్కువ.

ఇంకోటి తేమ. ఖనిజానికి ధర కట్టేది ఎండు బరువు మీద. కాటాలో 30 టన్నులు వచ్చిందనుకుందాం, కుప్పలో నాలుగైదు చోట్ల నుంచి శాంపిల్ తీసి ల్యాబ్‌లో 105 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో ఆరబెడితే 8 శాతం తేమ తేలిందనుకుందాం. అంటే అందులో 2.4 టన్నులు నీళ్లు, మనం డబ్బు కట్టాల్సింది 27.6 టన్నులకే. వానాకాలంలో శాంపిల్ కుప్ప పైనుంచి తీశారా లోపలి నుంచి తీశారా అనే దాని మీద యార్డులో రోజూ గొడవే. కోర్సులో "రా మెటీరియల్ 1"కి తేమ ఉండదు.

కాగితాల సంగతి కూడా అక్కడే వంటబట్టింది. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు, అంటే రవాణాకి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం, ఉండాలని అందరికీ తెలుసు. దాని బి భాగంలో లారీ నంబరు ఉంటుంది, ఆ నంబరు లారీయే మన గేటు ముందు ఉందా అని చూడాలని చాలామందికి తట్టదు. ఒకసారి రాయ్‌పూర్ వైపు నుంచి బయల్దేరిన లారీ సాలూరు ఘాట్‌లో చెడిపోయి, సరుకు ఇంకో లారీలోకి మార్చి పంపేశారు. కాగితంలో ఛత్తీస్‌గఢ్ నంబరు, గేటు ముందున్నది ఆంధ్రా బండి. రాత్రి పదకొండున్నర. నేను పక్కకి పెట్టించాను. డ్రైవర్ బతిమాలాడు, తర్వాత అరిచాడు, తర్వాత టైరుకి ఆనుకుని పడుకున్నాడు. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లకి ఫోన్ చేసి కొత్త నంబరు ఎక్కించే సరికి ఒంటిగంట. పైగా ఈ-వే బిల్లు గడువు కూడా ఆ అర్ధరాత్రితోనే అయిపోయింది. 200 కిలోమీటర్లకి ఒక రోజు లెక్కన ఇస్తారు, అయిపోవడానికి ఎనిమిది గంటల ముందు గానీ, అయిపోయాక ఎనిమిది గంటల లోపు గానీ పొడిగించుకోవచ్చు. ఆ రాత్రి అదీ చేయించాను. పొద్దున్న గురువుగారు రిజిస్టరు చూసి ఏమీ అనలేదు, తన ఫ్లాస్కులో టీ మూతలో పోసి ఇచ్చాడు. ఆయన ఫ్లాస్కు ఎవరికీ ఇవ్వగా చూడలేదు నేను.

అయితే ఫెర్రో అల్లాయ్స్ అంటే కరెంటు మీద బతికే పరిశ్రమ. టన్ను సిలికో మాంగనీస్ తియ్యడానికి సుమారు 4,000 యూనిట్లు పడుతుంది. అమ్మకం రేటు పడిపోయి, కరెంటు రేటు పెరిగితే ఫర్నేసు నడిపేకంటే ఆపేయడమే మేలని లెక్క తేలుతుంది. 2023 మధ్యలో మా దగ్గరా ఒక ఫర్నేసు ఆపేశారు. లారీలు ఇరవై నుంచి ఆరుకి పడ్డాయి. కాంట్రాక్టు వాళ్లలో ఎవరిని తీసేస్తారో అని క్యాంటీన్లో గుసగుసలు మొదలైతే, నేను మళ్లీ బయోడేటా తీశాను.

ఈసారి మొత్తం తిరగరాశాను. "బిల్లింగ్ ఎగ్జిక్యూటివ్" కొట్టేసి, షాపులో ఏ ఏ సరుకు చూశానో రాశాను: బేరింగులు, వీ బెల్టులు, ఆయిల్ సీళ్లు, ఫాస్టెనర్లు. స్టోర్సులో నెలకి ఎన్ని జీఆర్ఎన్‌లు (సరుకు అందిందని రాసే రసీదులు) చేశానో, ఎన్ని లారీలు తూచానో రాశాను. "హార్డ్ వర్కర్, టీమ్ ప్లేయర్" లాంటివి తీసేశాను. ఒక్క పేజీ. సెప్టెంబరులో బావ వాళ్ల ప్లాంటులో పర్చేజ్‌లో జూనియర్ పోస్టు ఉందని, లోపలి ఉద్యోగులు రిఫర్ చెయ్యొచ్చని చెప్పి నా బయోడేటా ఇచ్చాడు. రిఫరల్ అంటే కాగితం హెచ్ఆర్ టేబుల్ మీదకి చేరడం వరకే, అంతకు మించి బావ చేసిందేమీ లేదు, ఆపరేటర్ మాటకి పర్చేజ్‌లో ఉద్యోగం ఇచ్చే కంపెనీ ఎక్కడా లేదు. కానీ ఆ టేబుల్ దాకా చేరడానికే నాకు ఏడాదిన్నర పట్టిందని మర్చిపోను.

ఇంటర్వ్యూ పెట్టింది సరిగ్గా తొలేళ్ల సోమవారం. మర్నాడు విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ. ముందు రోజు రాత్రి విజయనగరంలో స్నేహితుడి గదిలో పడుకున్నాను, పొద్దున్న ఆర్టీసీ కాంప్లెక్స్‌కి వస్తే ఊళ్లోకి వచ్చే బస్సులన్నీ కిక్కిరిసి ఉన్నాయి, ఊరి నుంచి బయటికి పోయేవి మాత్రం ఖాళీ. శ్రీకాకుళం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. అమ్మవారు ఆ మాత్రం చూసింది.

టేబుల్ అవతల ముగ్గురు. పర్చేజ్ మేనేజర్ గారు, స్టోర్స్ ఆయన, హెచ్ఆర్ మేడం. ముందు ఒక కాగితం ఇచ్చి లెక్క వెయ్యమన్నారు. ఒక సప్లయర్ హైదరాబాదులో కిలో 118, ఎక్స్ వర్క్స్ (అంటే వాడి ఫ్యాక్టరీ దగ్గర ధర, తెచ్చుకునే ఖర్చు మనదే), ప్యాకింగ్ ఫార్వర్డింగ్ 2 శాతం, లారీ కిరాయి కిలోకి 4 పడుతుంది. రెండోవాడు 123, మన గేటు దాకా వాడిదే బాధ్యత. జీఎస్టీ ఇద్దరికీ 18 శాతం అదనం. 5 టన్నులు ఎవరి దగ్గర కొంటావు? చూడగానే మొదటివాడు చవగ్గా కనిపిస్తాడు. 118కి 2.36, 4 కలిపితే 124.36 అయింది. అంటే రెండోవాడే కిలోకి రూపాయి ముప్ఫయ్యారు పైసలు తక్కువ, మొత్తం మీద 6,800 మిగులు. జీఎస్టీని కలపలేదేం అని అడిగారు. ఇన్‌పుట్ క్రెడిట్ కింద వెనక్కి వచ్చేస్తుంది కాబట్టి ఖర్చులో కలపకూడదు అన్నాను. బీకాం అక్కరకొచ్చింది ఆ ఒక్క నిమిషమే. దార్లో సరుకు పాడైతే ఎవరి నెత్తిన పడుతుంది అని స్టోర్స్ ఆయన అడిగాడు, దానికీ తడుముకోలేదు, ఆ గొడవలు బొబ్బిలిలో బోలెడు చూశాను.

తర్వాత మేనేజర్ గారు ఒక ఇండెంట్ (ఫలానా సరుకు కొనిపెట్టమని ప్లాంటులోని విభాగం అడిగే) కాగితం నా వైపు జరిపారు. మెయింటెనెన్స్ వాళ్లది. "బేరింగ్ 6205 - 10 నంబర్లు, అర్జెంట్" అని ఉంది.

"ఎంత సేపట్లో పీఓ ఇస్తావు?"

"ఇవ్వలేనండి ఇప్పుడే."

"అర్జెంట్ అని రాశారు కదా?"

"6205 తర్వాత ఏముందో రాయలేదండి. రేకు మూతదా, రబ్బరు సీలుదా తెలీదు. మోటార్‌కైతే సీ3 కావాలేమో అడగాలి. ఏ కంపెనీదో కూడా రాయలేదు. ఇంతే పెట్టి ఆర్డరిస్తే సప్లయర్ తన దగ్గర ఏముంటే అది పంపిస్తాడు, అది వేస్తే నెలకే పోతుంది, తప్పు మనమీదకే వస్తుంది."

ఆయన స్టోర్స్ ఆయన వైపు చూశాడు. స్టోర్స్ ఆయన నవ్వు ఆపుకుంటున్నాడు. ఆ ఇండెంట్ నిజంగానే వచ్చిందట, నిజంగానే తప్పు సరుకు వచ్చిందట, పది బేరింగులూ ఇంకా ర్యాకులోనే ఉన్నాయట. "ఇది ఎక్కడ నేర్చుకున్నావు? ఇందులో రాశావు కదా, ఏ షాపు?" అని అడిగితే గంటస్తంభం దగ్గర షాపు పేరు చెప్పాను. ఆ తర్వాత పావుగంట మాట్లాడింది షాపు గురించే. నేను మూడేళ్లు ఏ మాట పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడ్డానో, ఆ మాట గురించే.

అన్నీ ఇలాగే సాగాయనుకోకండి. "ఒక కెమికల్‌కి ఉన్న ఒక్క సప్లయర్ రేటు 12 శాతం పెంచాడు, ఏం చేస్తావు?" అంటే, వెంటనే ఇంకొకణ్ని చూసుకుంటానండి అన్నాను, పెద్ద తెలివైనవాడిలా. మేనేజర్ గారు మెల్లగా చెప్పారు, మందుల తయారీలో అలా కుదరదని. క్వాలిటీ వాళ్లు ఆమోదించిన జాబితాలో ఉన్నవాడి దగ్గరే కొనాలి, కొత్తవాణ్ని ఎక్కించాలంటే శాంపిళ్లు, పరీక్షలు, ఆడిట్లు, నెలల పని. చెవులు వేడెక్కాయి. దీపావళికి సప్లయర్ ఇంటికి స్వీట్ పెట్టె పంపితే ఏం చేస్తావని హెచ్ఆర్ మేడం అడిగింది. "ఆఫీసుకి తెచ్చి అందరికీ పంచి, మీకు మెయిల్ పెడతానండి" అన్నాను. అది ఒప్పో తప్పో ఇప్పటికీ తెలీదు, ఆవిడ ఏదో రాసుకుంది.

నెల దాకా కబురు లేదు. ఆ నెల గురించి రాయడానికి ఏమీ లేదు, ఫోన్ మోగితే పరిగెత్తడం తప్ప. తర్వాత మెయిల్ వచ్చింది, ఈసారి కంపెనీ సొంత మెయిల్ నుంచే. ఏడాదికి 3.12 లక్షలు అని ఉంటే నాన్న పన్నెండుతో భాగించి 26 వేలు అని వీధంతా చెప్పేశాడు. అందులో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ కలిపే ఉంటాయని, చేతికొచ్చేది 20,600 అని చెబితే "మోసం" అన్నాడు. మోసం కాదు, సీటీసీ అంటేనే అది, మన మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు. సంతకం పెట్టే ముందు చేతికెంత అని హెచ్ఆర్‌నే అడగండి, వాళ్లేం అనుకోరు.

అసలు చిక్కు కాగితాల దగ్గర వచ్చింది. పాత కాంట్రాక్టర్ అనుభవ పత్రం ఇవ్వలేదు. ఇదిగో అదిగో అంటూ మూడు వారాలు తిప్పి, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. చేరే తేదీ ముంచుకొస్తోంది, టెన్షన్‌తో తిండి సయించలేదు. చివరికి హెచ్ఆర్ మేడమే దారి చెప్పింది, నీ యూఏఎన్ (పీఎఫ్ నంబరు)తో పీఎఫ్ పాస్‌బుక్ డౌన్‌లోడ్ చేసి పంపు అని. ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎవరు జమ కట్టారో అందులో ఉంటుంది కదా, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి పంపితే సరిపోయింది. కాంట్రాక్టులో చేరేవాళ్లు జీతం అయిదొందలు తక్కువైనా పీఎఫ్ కట్టేవాడి దగ్గరే చేరండి అని నేను మొత్తుకునేది ఇందుకే. చేరిన మొదటి నెలలోనే యూఏఎన్ యాక్టివేట్ చేసుకుని ఆధార్‌లో పేరుతో అక్షరం అక్షరం సరిపోతోందో లేదో చూసుకోండి, నాకు ఇంటి పేరు దగ్గర ఒక అక్షరం తేడా వచ్చి అది సరిచేయించడానికి ఇంకో ప్రహసనం.

2024 జనవరిలో చేరాను. ఏసీ ఉంది. కుర్చీ కూడా ఉంది గానీ కూర్చునేది తక్కువ. పొద్దున్న వచ్చేసరికి ఇరవై ఇండెంట్లు, పది "నా సరుకు ఏది" ఫోన్లు, అయిదు "నా డబ్బులేవి" ఫోన్లు. చిన్న పరిశ్రమల వాళ్లకి 45 రోజుల గడువు దాటిన బాకీ మార్చి ఆఖరుకి కూడా కట్టకపోతే ఆ ఖర్చు ఆ ఏడాది ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో తగ్గించుకోవడానికి వీల్లేదని నిబంధన వచ్చాక మార్చి నెలలో అకౌంట్స్ వాళ్లు మా నెత్తిన కూర్చున్నారు, ఏ సప్లయర్‌కి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉందో జాబితా తెమ్మని. మూడు రోజులు అదే పని, వాళ్లకి ఫోన్లు చేసి సర్టిఫికెట్లు అడగడం. షాపులో బాకీల ఫోన్లు చేసినవాణ్ని కాబట్టి అవతలివాడు ఫోన్ ఎందుకు ఎత్తడో, ఎప్పుడు ఎత్తుతాడో నాకు తెలుసు.

సాల్వెంట్ (పదార్థాల్ని కరిగించే ద్రవాల) ట్యాంకర్లు వస్తాయి మాకు, అసిటోన్, టొలుయీన్ లాంటివి. బొబ్బిలిలో ఖనిజం లారీ ఒక రాత్రి బయట ఆగితే కొంప మునగదు. ఇక్కడ ట్యాంకర్ సైలెన్సర్‌కి నిప్పురవ్వలు ఆపే స్పార్క్ అరెస్టర్ ఉందా, డ్రైవర్ లైసెన్సులో ప్రమాదకర సరుకు నడిపే ఆమోదం ఉందా, ప్రమాదమైతే ఏం చెయ్యాలో రాసిన ట్రెమ్ కార్డు కేబిన్లో ఉందా, ఇవన్నీ చూశాకే గేటు తెరుస్తారు. శాంపిల్ తీసి క్వాలిటీ వాళ్లు సరే అన్నాకే దించడం. ఒక కాగితం తక్కువైతే ట్యాంకర్ బయటే, ఆగిన రోజుకి హాల్టింగ్ ఛార్జీ, ఆ ఛార్జీ ఎవరిదని మళ్లీ నాకే ఫోన్. గురువుగారు ఇక్కడుంటే ఇంకో రిజిస్టరు పెట్టేవాడు. పోయిన సంక్రాంతికి ఆయన్ని చూడ్డానికి వెళ్లాను, రిటైరయ్యాడు, ఇంట్లో పాలవాడి లెక్క రిజిస్టరులో రాస్తున్నాడు.

అమ్మ డ్వాక్రా అప్పు తీరింది. కోర్సు దండగ అంటారా అని ఒక కుర్రాడు అడిగాడు. దండగ అనను, కానీ ముందు స్టోర్సులో ఆర్నెల్లు చేసి ఆ తర్వాత చేరుంటే ప్రతి తెరా దేనికో అర్థమయ్యేది, పదిహేను వేలకి దొరికే కోర్సు సరిపోయేది.

ఇది రాస్తుండగానే ప్రొడక్షన్ నుంచి ఇండెంట్ ఒకటి వచ్చింది, "రబ్బర్ గ్లోవ్స్ - 200 జతలు, అర్జెంట్". సైజు లేదు. అసిటోన్ దగ్గర వాడతారా, ఇంకెక్కడైనానా, అదీ లేదు. అసిటోన్‌కైతే నైట్రైల్ గ్లోవ్స్ పనికిరావు, బ్యూటైల్‌వి కావాలి, రేటులో చాలా తేడా. ఫోన్ చేసి అడిగితే షిఫ్ట్ ఇన్‌ఛార్జి గారు విసుక్కున్నారు. "గ్లోవ్స్ అంటే గ్లోవ్సే కదండీ, చేతికి వేసుకునేవి." కనుక్కుని చెప్తానన్నారు. ఆయన ఫోన్ కోసమే చూస్తున్నాను.